సగం గడ్డం

అభయహస్తం చాచి నిలిచిన శ్రీహరీ! మొర పెట్టేందుకు నోరు రానివాని మొరను సైతం వినగలవాడవు. భయపడినవారి పక్కన కూర్చొని జీవితమంతా గడిపిన ఒక ఇల్లాలి కథ చెప్పబోతున్నాను. నా మాట అతిశయం పాలు కాకుండా కాపాడు తండ్రీ.

మా ఇల్లాలు కౌన్సెలర్. మనసుకు దెబ్బ తగిలినవారు ఆమె వద్దకు వచ్చేవారు. మా ఇంటి ముందుగదే ఆమె పనిచోటు. అందులో రెండు పేముకుర్చీలు ఎదురెదురుగా కాక, కాస్త వాలుగా, ఇద్దరికీ కిటికీ కనిపించేటట్లు ఉండేవి. తలుపు దగ్గరగా వేసేదే కాని గడియ పెట్టేది కాదు. వచ్చినవారిని "ఏం జరిగింది?" అని అడగడం ఆమె పద్ధతి కాదు.

"పుండును గోకితే మానుతుందా అండీ?" అనేది నాతో.

దానికి బదులుగా వారి పనిని తనకు నేర్పమని అడిగేది. ఒక వంటవాడు ఆమెకు ఉల్లిపాయ తరగడం నేర్పాడు. ఒక దర్జీ కాజాలు కుట్టడం నేర్పింది. నోరు దాచినది చేతులు దాచలేవని ఆమె నమ్మకం. ఆ గదిలోని మాటలు గడప దాటేవి కావు. ఈ ఒక్క కథ మాత్రం అందులోని మనిషి అనుమతితోనే చెబుతున్నాను. అదీగాక, అందులో నేనూ ఉన్నాను, కనీసం నా గడ్డం ఉంది.

ఒక ఉదయం ఒక క్షురకుడు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. నిజానికి ఆమే ఆయనను వెంటబెట్టుకొని వచ్చింది.

"కత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది మేడమ్," అన్నది ఆమె. "మా తమ్ముడు బలానికి టానిక్కు పట్టించాడు. ఈయనకి ఆకలి పెరిగింది గానీ వణుకు తగ్గలేదు."

ఆయన తల వంచుకొనే ఉన్నాడు. "సామాను బావమరిదికి ఇచ్చేస్తాను మేడమ్. చిన్నప్పట్నించీ ఇదొక్కటే తెలుసు నాకు. ఇక అదీ లేదనుకుంటాను."

మా ఇల్లాలు ధైర్యవచనాలేవీ పలుకలేదు. "ఇచ్చేసే ముందు నాకోసారి చూపించండి. గడ్డం గియ్యడం ఎలాగో నాకు తెలీదు."

"దానికో గడ్డం ఉండాలి కదా మేడమ్?"

"ఏమండీ!" అని లోపలికి కేక వేసింది ఆమె.

ఆ విధంగా నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు కత్తి తెరవవద్దని ఆమె ముందే చెప్పింది. ఆయన నా మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. మూసిన కత్తినే తోలుపట్టీపై ఎలా సానపడతారో ఆడించి చూపించాడు. బ్రష్షుతో నురుగు రేపి నా చెంపలకు పూశాడు. చేయి నిలకడగానే ఉన్నది. నేను అలవాటు కొద్దీ తల వెనక్కు వాల్చి కళ్లు మూసుకున్నాను. అంతే, బ్రష్షు నేలపై పడిన శబ్దం వినిపించింది.

"కళ్లు తెరవండి," అన్నది మా ఇల్లాలు నాతో.

తెరిచాను. ఆయన ముఖం పాలిపోయి ఉన్నది. నన్ను చూసి మెల్లగా ఊపిరి వదిలాడు. భయం కత్తిది కాదని, మూసిన కళ్లదని అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది.

అప్పుడు ఎవరూ అడుగకుండానే ఆయన చెప్పాడు. ఆయనకు పని నేర్పిన మేనమామ, దుకాణంలో ఆయన చేతనే గడ్డం గీయించుకుంటూ కళ్లు మూసుకున్నాడట. పైకప్పు పెచ్చు విరిగి మేనమామ తలపై పడింది. దుమ్ము తగ్గాక చూస్తే మేనమామ అలాగే కళ్లు మూసుకొని ఉన్నాడు.

"కునుకు పట్టిందనుకున్నాను మేడమ్. మొహం మీద నురుగు తుడుస్తూ పిలిచాను, పిలిచాను... పలకలేదు."

భర్త ఈ మాట చెప్పగా ఆయన భార్య వినడం కూడా అదే మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

బడిలో తెలుగు పాఠాలు చెప్పి విరమించిన నాకు తరువాతి వారం నుంచి కొత్త ఉద్యోగం దొరికింది. "మీరు కళ్లు తెరుచుకుని, ఆపకుండా పద్యాలు చదవాలి," అన్నది మా ఇల్లాలు.

"పెళ్లైన నాటినుంచీ ఆపమన్నదానివి!"

"అందుకే ఇప్పుడు పనికొస్తున్నాయి."

నా గొంతు వినబడుతున్నంతసేపూ ఆయన చేయి వణకలేదు. మొదట ఒక చెంప గీశాడు. కొన్నాళ్లకు రెండూ గీశాడు. నేను క్రమంగా స్వరం తగ్గించాను, పద్యానికీ పద్యానికీ నడుమ ఎడం పెంచాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చొని, "మాస్టారి పద్యాలకి నాకూ నిద్ర బాగా పడుతోంది," అనేది.

చివరకు ఒకనాడు మా ఇల్లాలు, "ఈ రోజు మాస్టారు మాట్లాడరు. మధ్యలో కళ్లు మూసుకుంటారు. భయం వేస్తే కత్తి పక్కన పెట్టి ఆయన్ని పిలవండి," అన్నది.

"పిలిస్తే... పలక్కపోతే మేడమ్?"

ఆమె పలుకుతాడని మాట ఇవ్వలేదు. "పిలిచి చూడాలి," అన్నది మృదువుగా.

ఒక చెంప పూర్తయింది. నేను కళ్లు మూసుకున్నాను. కత్తి ఆగింది. దానిని బల్లపై పెట్టిన చప్పుడు విన్నాను. ఆ నిశ్శబ్దంలో ఆయన తిరిగి తన దుకాణంలో, ఆ దుమ్ములో నిలబడి ఉన్నాడని నాకు తెలుసు. నోరు విప్పాలని ఎంత అనిపించినా, పిలుపు ఆయనదే కావాలి.

"మాస్టారూ..."

"ఊఁ."

"ఉన్నారా?"

"ఎక్కడికి పోతానయ్యా, సగం గడ్డంతో!"

ముందు ఆయన నవ్వాడు. ఆ నవ్వే ఏడుపైంది. మేనమామ పోయిన నాటినుంచీ రాని ఏడుపు. మా ఇల్లాలు ఆపమనలేదు, వద్దకు పోనూ లేదు. ఆయన భార్యకు మాత్రం దారి ఇచ్చి పక్కకు జరిగింది. నేను ఆరిన నురుగుతో, మూసిన కళ్లతో అలాగే కూర్చున్నాను. కాసేపటికి తడి బ్రష్షు చల్లగా చెంపకు తగిలింది. మిగిలిన సగం గడ్డం ఏ వణుకూ లేకుండా తెగింది.

సామాను బావమరిదికి వెళ్లలేదు. మా ఇల్లాలు ఈ లోకం విడిచి చాలా కాలమైంది. ఆ క్షురకుడు మరో వీధిలో దుకాణం తెరిచాడు. కుర్చీలో ఎవరు కళ్లు మూసుకున్నా ఇప్పటికీ ఒకసారి "ఉన్నారా?" అని అడుగుతాడు. కొత్తవారు కంగారుపడతారు. పాతవారు "ఉన్నాం, కానివ్వు" అంటారు.

ఈ కథ విన్నవారికీ, చదివినవారికీ, చదివి వినిపించినవారికీ భయం కలిగిన వేళ పిలిచేందుకు గొంతు పెగులుగాక! పిలిచిన గొంతుకు పలికే మనిషి ప్రతి ఇంటా ఉండుగాక! శ్రీహరి అందరినీ చల్లగా చూచుగాక!