వెనక్కి నడిచి చేరిన ఎదురుకోలు

నేను ఒక స్టేషన్ వ్యాగన్‌ని. నన్నడక్కుండా నా ఇంజన్ తీసేశారు. అది అన్యాయం. ఇందులో రెండో మాట లేదు.

మామూలు కార్లకి డిక్కీ ఉండే చోట నాకు కిటికీల గది ఉంటుంది. వెనక తలుపు పైకెత్తితే ఒక నులకమంచం పడుతుంది. నన్నూ నా ఇంజన్‌నూ ఒకే రోజు ఒకే షెడ్డులో కలిపారు. పెట్రోలు ఇంజన్. మెత్తటి గొంతు. ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేశాం.

మొదటి యజమాని బడుల ఇన్‌స్పెక్టరు. ఆయన లోపల తనిఖీ చేస్తుంటే మేం బయట ఎండలో నిలబడి పదమూడో ఎక్కం దాకా విన్నాం. నా చదువు అంతే. తరవాతి యజమాని కోడిపిల్లల పెట్టెలు మోయించాడు. మూడో మనిషి బ్యాండు మాస్టారు యేసుపాదం. ఆయనది క్లారినెట్. మరో ఆరుగురు, వాళ్ళ వాయిద్యాలు, అన్నీ నా గదిలోనే.

ముప్పై తొమ్మిదో ఏడు నా ఇంజన్‌కి దగ్గు పట్టుకుంది. వరసగా రెండు పెళ్ళిళ్ళకి దారిలో ఆగిపోయింది. రెండు చోట్లా ఆడపెళ్ళివారు టేపురికార్డరు పాటలతో సరిపెట్టుకున్నారు. మూడో పెళ్ళి ఒప్పుకున్న రోజు యేసుపాదం మేళం వాళ్ళతో అన్నాడు: "ఇదీ తప్పితే ఇంకెవరూ పిలవరు. క్లారినెట్ ట్రంకుపెట్టెలో పడేస్తాను. మీరు ఇటుకబట్టీ చూసుకోండి."

అందుకని నన్ను మెకానిక్ ఖాదర్ షెడ్డుకి తోలారు. గొలుసులు వేసి నా ఇంజన్ని పైకి లేపారు. చమురు బొట్లు కారుతూ వెళ్ళింది. మూల పడేశారు, తరవాత పాత ఇనుము వాడికిచ్చారు. దాని చోట ఒక డీజిల్ ఇంజన్ కూర్చుంది. గోదావరి మీద తిరిగి తిరిగి రేవులో విప్పేసిన లాంచీది. ఆ లాంచీకి రెండు ఇంజన్లుండేవట. ఖాదర్ రెండూ చూసి, అరుగుదల తక్కువున్నది తెచ్చాడు. బుద్ధిమంతుడు.

పెళ్ళిరోజు పొద్దున ఏడింటికి బిగింపు పూర్తయింది. ఖాదర్ మసీదుకి వెళతాడు, యేసుపాదం చర్చికి వెళతాడు. చక్రాల ముందు నిమ్మకాయలు మాత్రం ఇద్దరూ కలిసే పెట్టారు. మనుషులు అలాంటి విషయాల్లో గొడవపడరు. యేసుపాదం స్టీరింగ్ ముందు కూర్చుని మొదటి గేరు వేశాడు.

నిమ్మకాయలు నలగలేదు. నేను వెనక్కి పోయి టీకొట్టు బల్ల విరగ్గొట్టాను.

"ఇదేటి మేస్త్రీ, ఎనక్కెళ్తంది?"

"గేరు తప్పు పడుంటాది మాస్టారూ. మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశాడు. మళ్ళీ వెనక్కే. రివర్సు వేస్తే ముందుకి కదిలాను, నత్తలాగా. అప్పుడు ఖాదర్ నేలమీద కూలబడ్డాడు. లాంచీ తిన్నగా సాగాలని ఒక ఇంజన్ని కుడికీ రెండోదాన్ని ఎడమకీ తిరిగేలా పెడతారు. ఖాదర్ అరుగుదల చూశాడు గానీ తిరుగుడు చూడలేదు. నాకిప్పుడు వెనక్కి నాలుగు గేర్లు, ముందుకి ఒక్కటి.

పెద్ద డ్రమ్ము ఆశీర్వాదం లావాటి మనిషి, నోరు ఊరుకోదు. "ఇలాగెళ్తే నిన్నటికి చేరతాం గానీ పెళ్ళికి చేరం మాస్టారూ," అన్నాడు.

"దించి మార్చాలంటే రెండ్రోజులండి," అన్నాడు ఖాదర్.

"ఎదురుకోలు తొమ్మిదింటికి మేస్త్రీ. పన్నెండు మైళ్ళు. మేళం లేకపోతే పెళ్ళికొడుకు బండి దిగడు."

ఖాదర్ లేచి చేతులు తుడుచుకున్నాడు. "తప్పు నాది. నేనే తోలతాను. ఎనక్కే."

వెనక తలుపు పైకెత్తి కట్టారు. మేళం అంతా గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళు అడ్డం కాబట్టి ఖాదర్‌కి దారి కనబడదు. ఆశీర్వాదం అంచున కూర్చుని డ్రమ్ము మీద చెప్పాడు: కుడికి ఒక దెబ్బ, ఎడమకి రెండు, ఆపమంటే వరసగా. కాలువగట్టు మీద రెండో గేరులో వెనక్కి పరిగెత్తాను. కాసేపటికి డప్పులు అందుకున్నాయి, ఆ పైన క్లారినెట్ అందుకుంది. వరి నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. ఒక గేదె నన్ను చూసి దారి తప్పుకుంది, మనిషైతే తప్పుకోడు. కొత్త ఇంజన్ గట్టిగా డుగుడుగుమని మోగింది. దాని మోతకి డప్పు దెబ్బ సరిగ్గా కుదిరింది.

ఆడపెళ్ళివారి ఊరి మధ్యనుంచే వచ్చి అవతలి పొలిమేర చేరాం. మగపెళ్ళివారు మూతులు ముడుచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందుకి తెరిచిన తలుపుతో, వాయిస్తున్న మేళంతో వచ్చి ఆగాను. దింపుకోవడాలు లేవు, సర్దుకోవడాలు లేవు. పెళ్ళికొడుకు బండి దిగాడు. ఖాదర్ రివర్సు వేశాడు. ముందుకి నాకున్న ఒకే గేరు నడక వేగం. ఎదురుకోలుకి కావలసింది అదే. మేళం ముఖాలు పెళ్ళికొడుకు వైపే, నా ముక్కు విడిది వైపు.

పెళ్ళికొడుకు పెదనాన్న మీసం దువ్వుకున్నాడు. "ఆయ్, ఏం మర్యాదండీ! ఊళ్ళోంచి వచ్చేటప్పుడూ మాకు ఈపు చూపించలేదు, తీసుకెళ్ళేటప్పుడూ చూపించలేదు. వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళికి కూడా ఈ బండే రావాలి."

"అలాగేనండి, మా పద్ధతే అంతండి," అన్నాడు యేసుపాదం. ఆయన అబద్ధమాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. కళ్ళు తుడుచుకుని మళ్ళీ క్లారినెట్ ఎత్తాడు. ఆశీర్వాదం డ్రమ్ము పగిలేలా కొట్టాడు.

తరవాత ఖాదర్ సరైన వైపు తిరిగే ఇంజన్ దొరికిందని పరిగెత్తుకొచ్చాడు. "దాని జోలికెళ్ళకు మేస్త్రీ," అన్నాడు యేసుపాదం. ఇప్పటికీ ఊళ్ళకి వెనక్కే వెళతాను. అద్దాలు నాలుగు పెట్టారు. పిల్లలు వెంటపడి కేకలేస్తారు. మేళం ఏడుగురూ ఉన్నారు, ఎవరూ ఇటుకబట్టీకి పోలేదు.

ఖాదర్‌ని క్షమించలేదు. యేసుపాదాన్నీ క్షమించలేదు. కానీ ఆ రోజు కాలువగట్టు మీద పన్నెండు మైళ్ళూ నేను సంతోషంగా పరిగెత్తాను. నా పాత ఇంజన్ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అడిగారు కాబట్టి చెప్పాను. మళ్ళీ దాని ఊసు ఎత్తను.