జీవమ్మ రెండో సాక్ష్యం

పోయిన ఈస్టర్ నాడు జీవమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. రెండేండ్లుగా అరికాళ్లు మండేవని, తడిగుడ్డ చుట్టుకుంటే గానీ నిద్ర పట్టేది కాదని, నలభై దినాలు ప్రార్థన చేస్తే మంట పోయిందని చెప్పింది. చక్కెర జబ్బు మాత్రలు కూడా మానేశానంది. కోడుమూరు దగ్గరి ఆ ఊరి సంఘంలో అరవై మంది ఉంటారు. అందరూ స్తోత్రం అన్నారు.

అక్టోబరులో ఉల్లి చేలో ఆమె కుడికాలి వేళ్ల కింద తుమ్మముల్లు దిగింది. నాలుగు రోజులు ఆమెకు తెలియలేదు. చాప మీద చీము చూసి కూతురు మహిమ కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయింది. చక్కెర నాలుగు వందల పన్నెండు. రెండు వేళ్లు తీసేశారు.

"మంట పోయిందంటే బాగైందనుకుంటినమ్మా," అంది జీవమ్మ.

"మండినన్నాళ్లూ నరం దెబ్బతింటోంది. ఇప్పుడు చచ్చిపోయింది," అంది డాక్టర్ యామిని. "చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువుంటే కండ్లు, కిడ్నీలు, గుండె కూడా ఇట్లే. నొప్పి లేదని మాత్ర మానేస్తే లోపల జరిగేది నీకు తెలీదు."

ఇన్సులిన్ రాసింది. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవొద్దంది.

జీవమ్మ ఊరికి వచ్చాక పక్కింటి జ్ఞానమణి చూడడానికి వచ్చింది. నలభై నాలుగేండ్లు. ఆమెకూ చక్కెరే.

"నాకూ మంట పోయిందక్కా. నీ సాక్ష్యం విన్ననాడే మాత్రలు మానేసినా."

"నా కాలు చూసి కూడా ఈ మాటంటాండావా?"

"నీకు ముల్లు దిగింది. నీ విశ్వాసం తగ్గిందంటాండారు అందరూ."

వారం రోజులు జీవమ్మ చెప్పి చూసింది. జ్ఞానమణి వినలేదు. చర్చిలో చెప్పిన మాటను చర్చిలోనే కాదనాలని జీవమ్మ శనివారం సంఘ పెద్ద దావీదురాజు ఇంటికి పోయింది.

"దేవుని ఎదుట చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకునేది ఉండదు," అన్నాడాయన.

"తప్పు చెప్పినా కదన్నా."

"ఊళ్లో నవ్వుతారు జీవమ్మా. బాగైందని నువ్వే చెప్పి, ఇప్పుడు సూదులు పొడుచుకుంటాండావని."

"నవ్వనీ. నవ్వితే ఎవరి కాలూ పోదు."

ఆదివారం పాస్టరు జ్ఞానరాజు వాక్యం ముగించి, సాక్ష్యాలు ఉన్నాయా అని అడిగాడు. జీవమ్మ లేచింది. దావీదురాజు మైకు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"నీ దగ్గరే పెట్టుకో అన్నా. ఉల్లి చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అరిచినదాన్ని."

ఆడవాళ్లు నవ్వారు. జీవమ్మ నవ్వలేదు.

"మంట పోయిందని ఈడనే చెప్పినా. మంట బాగై పోలేదు, నరం చచ్చి పోయింది. దేవుడు తప్పు చెప్పలేదు. నేను చెప్పినా. నా మాట విని మాత్రలు మానేసినోళ్లు నా కాలు చూడండి."

"పాటెత్తండి," అన్నాడు దావీదురాజు. ఇద్దరు మగవాళ్లు ఎత్తుకున్నారు. ఆడవాళ్లు అందుకోలేదు. పాస్టరు పాటల పుస్తకం తెరవలేదు.

జీవమ్మ చాపల మధ్య నుంచి నడిచి జ్ఞానమణి ముందు కూర్చుంది.

"కాళ్లు చాపు."

"ఏందక్కా, ఇంతమందిలో?"

"చాపు. కండ్లు మూసుకో. ఏ వేలు ముట్టినానో చెప్పు."

కర్నూలులో నర్సు జీవమ్మకు చేసిన పరీక్ష అది. జ్ఞానమణి కళ్లు మూసుకుంది. జీవమ్మ ఆమె కుడికాలి బొటనవేలి మీద తన వేలు ఆనించింది. ఆడవాళ్లు ముందుకు వంగి చూశారు.

"ముట్టు మరి," అంది జ్ఞానమణి.

జీవమ్మ వేలు తీయలేదు.

"ఎంతసేపు మూసుకోవాలక్కా? ముట్టు."

ఎవరో "యేసయ్యా" అన్నారు. జ్ఞానమణి కళ్లు తెరిచి చూసింది. పాడేవాళ్లు ఆగిపోయారు.

"మాత్రలు ఇంట్లో ఉండాయా?" అంది జీవమ్మ.

"ఉండాయి. పారేయలేదు."

"లెయ్. తీసుకోని కర్నూలు పోదాం. ఏది ఎంత ఏసుకోవాల్నో డాక్టరమ్మ చెప్తుంది."

"ఆరాధన కాకముందే పోయేది మర్యాద కాదు," అన్నాడు దావీదురాజు.

"కూర్చోబెట్టు అన్నా. రేపు దీని కాలు తీస్తే జవాబు నువ్వు చెప్తావా?"

ఇద్దరూ బయటికి నడిచారు. వాళ్లు గడప దాటేసరికి వెనక వరసలో, తనకూ చక్కెరున్న గిడ్డమ్మ కాళ్లు చాపి కళ్లు మూసుకుంది.

"నాకూ ముట్టి చూడండే," అంది పక్కనున్నవాళ్లతో.