అందరి రక్తం చూడుండ్రి

1987లో సుబేదారిలోని ఓ ప్రైవేటు దవాఖానలో రెండు డయాలసిస్ మిషన్లుండేవి. వాటి మీద బతికే కిడ్నీ రోగులు ఆరుగురు. వాళ్లలో ఆడమనిషి వరలక్ష్మి ఒక్కతే. భర్తతో కలిసి మట్టెవాడలో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపేది. గొంతు పెద్దది.

ఓ మంగళవారం ఆ ఆరుగురిలో ఒకడైన రఘునాథపల్లి రైతు మొగిలి పచ్చబడ్డ కళ్లతో వచ్చాడు. ఇంకో రోగి, రిటైర్డ్ తహసీల్దారు రాజేశ్వర్ రావు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"వీనికి కామెర్లయినయ్ డాక్టర్. మిషన్ మీదికి ఎక్కనియ్యకు. మాకంటిస్తడు."

మొగిలి గడప దగ్గరే ఆగిపోయాడు. డయాలసిస్ ఆగితే అతను ఎన్నాళ్లో బతకడని అక్కడున్న అందరికీ తెలుసు.

"లోపలికి రా తమ్మీ," అంది వరలక్ష్మి. డాక్టర్ కిషన్ రావు వైపు తిరిగింది. "ఈ కామెర్లు ఎట్ల అంటుతయ్ సాబ్?"

"హెపటైటిస్ బి అయితే రక్తంతోని. సూది మొన మీది చుక్క చాలు. పక్కన కూసుంటే అంటది గాదు."

"మరి మా అందరికి మందు ఒక్క సీసల నుంచే తీస్తున్నరు గద? చేతి తొడుగులు మార్చకుంటనే సిస్టర్ నా దగ్గర్నుంచి రాజేశ్వర్ రావు సార్ దగ్గరికి పోతాంది. మొగిలి తెచ్చిండో, ఈడనే అంటుకున్నదో ఎవలకెరుక? అందరి రక్తం చూడుండ్రి. ఇయ్యాల్టి నుంచి ఎవరి సూది వాళ్లకే, ఎవరి సీస వాళ్లకే. లేకుంటే నన్ను ముట్టకుండ్రి."

సిస్టర్ తలొంచుకుంది. డాక్టర్ ఎవరి సూదులు, సీసాలు వాళ్లకు వేరు చేయించాడు. ఆ రోజే ఆరుగురి రక్తం తీయించాడు.

శుక్రవారం రిపోర్టులొచ్చాయి. మొగిలికి హెపటైటిస్ బి ఉంది. వరలక్ష్మికీ ఉంది. మిగతా నలుగురికి లేదు.

ఆమె కళ్లు తెల్లగానే ఉన్నాయి, జ్వరం లేదు, ఏమీ లేదు. ఇంట్లో పిల్లలు గుర్తొచ్చి బెంచీ మీద కూలబడింది.

"ఇగ ఇద్దరు హైదరాబాద్ పోండ్రి," అన్నాడు రాజేశ్వర్ రావు.

వరలక్ష్మి లేచి నిలబడింది.

"ఎందుకు పోవాలె? నేనడగకపోతే ఇంకో నెలకు మీ రక్తంల గూడ ఉంటుండె. నేను పోను. మొగిలి పోడు. ఒక మిషన్ పక్క అర్రల పెట్టి మా ఇద్దరికియ్యుండ్రి. మీ నలుగురు టీకాలేసుకోండ్రి."

"ఆమె చెప్పిందే సరైంది," అన్నాడు డాక్టర్. సామాన్ల గది ఖాళీ చేయించి రెండో మిషన్ అందులో పెట్టించాడు. దానికి వేరే సిస్టర్‌ను పెట్టాడు. టీకాలు హైదరాబాద్ నుంచి తెప్పించాడు. వరలక్ష్మి భర్తకూ పిల్లలకూ పరీక్ష చేస్తే ఎవరికీ లేదని తేలింది. ఆ రోజు మాత్రం ఆమె ఏడ్చింది.

మొగిలి కళ్ల పచ్చదనం రెండు నెలల్లో పోయింది. వరలక్ష్మి ఇంకో రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లలో ఆ దవాఖానలో ఇంకెవరికీ ఆ జబ్బు అంటుకోలేదు.