పైడియ్య అల్లిన పులస వల

నేను ఒక వలను. వానాకాలంలో గోదావరి ఎర్రబారినప్పుడు సముద్రాన్ని వదిలి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుందే పులస, దానికోసం పుట్టిన వలను. పుస్తెలు అమ్ముకునైనా ఆ చేప తినాలంటారు మనుషులు. దాన్ని పట్టేవాడి ఇంట్లో ఏం పోతుందో చెప్పే సామెత మాత్రం నేనింతవరకు వినలేదు.

నన్ను అల్లింది కోటిపల్లి దిగువన ఏటి నడుమ లంకలో ఉండే పైడియ్య. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఒక కంటికి పొర కమ్మింది. సగం అల్లేసరికి చూపు ఆనక, మిగతా సగం కూతురు సత్యవేణి చేతికిచ్చాడు. అయినా రేవులో అందరూ నన్ను పైడియ్య వల అనే పిలిచారు.

పైడియ్యకు కొడుకుల్లేరు. అల్లుడు అప్పలస్వామి ద్రాక్షారామంలో దర్జీ. రెడీమేడ్ బట్టలొచ్చి కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోవడంతో, నలభై ఏళ్ళ వయసులో కొట్టు మూసి భార్యతో లంకకు వచ్చేశాడు. చేపల వేట నేర్పుతానన్నాడు మామ. అప్పలస్వామికి ఈత రాదు. సత్యవేణి ఆ నీళ్ళలోనే పెరిగింది.

"నీతో నేనొస్తాను నాన్నా, ఆయన్ని ఒడ్డునుండనీ" అందామె.

"ఆడకూతురు నావెక్కితే రేవంతా నవ్వుద్దమ్మా" అన్నాడు తండ్రి.

మనుషులకు మునిగిపోవడం కన్నా నవ్వులపాలు కావడమంటేనే ఎక్కువ భయం.

పాఠం మొదలైంది. "ఏటికి అడ్డంగా దింపు అల్లుడూ. నీటితోపాటే జారనియ్యి, నువ్వు తొందరపడకు. తాడు చూపుడువేలి మీదుంచుకో. చెత్త తగిలితే బరువు తెలుద్ది. పులస తగిలితే తాడు వణుకుద్ది." అప్పలస్వామి బడిపిల్లాడిలా తలూపేవాడు. మొదటిరోజు నన్ను దింపబోయి తానే నాలో చుట్టుకున్నాడు. చిరిగిన చోట్ల మాత్రం మామకన్నా నీటుగా కుట్టేవాడు. పద్దెనిమిది రోజులు గుర్రపుడెక్క, తెగిన చెప్పులు, ఒకసారి నీరుకట్టు పాము తప్ప నాలో ఏమీ పడలేదు.

"ఏం దర్జీగారూ, గోదారికి జాకెట్టు కుడతన్నారా?" అని పక్క నావవాళ్ళు వేళాకోళమాడారు. అతను నవ్వేవాడు. ఇంటికెళ్ళాక నన్ను ఆరేస్తూ నవ్వేవాడు కాదు.

పంతొమ్మిదో రోజు పొద్దున వరద పెరిగింది. మిగతా నావలు ఒడ్డునే ఉండిపోయాయి. వద్దందామని అప్పలస్వామికి ఉంది. పిరికివాడంటారేమోనని నావెక్కాడు. అల్లుడికి ఒక్క చేపైనా పడకపోతే నామోషీ అని పైడియ్యా ఎక్కాడు.

నడిఏట్లో నా సీసపు గుండ్లు దేనికో తగులుకున్నాయి. వరదకు కొట్టుకొచ్చిన చెట్టు మాను. నన్ను పట్టుకున్న నావ ఆగింది, గిర్రున తిరిగింది, ఒక పక్కకు ఒరిగింది.

"తాడు కొయ్యి! కోసెయ్యరా!" అని అరిచాడు పైడియ్య.

కత్తి అప్పలస్వామి కాళ్ళ దగ్గరే ఉంది. చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ చూపు ఆనని ముసలాయన ఏడాదిపాటు అల్లిన వల! మనసొప్పక, రెండు చేతులా నన్ను లాగాడు. ఆ లాగుడుకే నావ బోర్లాపడింది.

అప్పలస్వామి నా పైతాడు బెండ్లను కావలించుకుని తేలాడు. పైడియ్యది ఏరు ఈదిన ఒళ్ళు, గట్టెక్కేవాడే. కానీ అతని కాలు నా అల్లిక కంతలో దూరింది. తన్నినకొద్దీ నేను బిగుసుకున్నాను. పట్టుకోవడమే నాకు నేర్పారు. వదలడం ఎవరూ నేర్పలేదు.

శవాన్ని ఒడ్డుకు చేర్చాక, కాలినుంచి నన్ను కోస్తామన్నారు జనం. సత్యవేణి కోయనివ్వలేదు. కూర్చుని ఒక్కొక్క ముడే విప్పింది. తండ్రి ముడి కాస్త వదులుగా ఉంటుంది, ఆమెది రాయిలా బిగుస్తుంది. నాలుగో ముడి దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అది ఎవరి చేతి ముడో ఆమెకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

ఏడాదిపాటు ఆ ఇంట్లో మాటలు ఉప్పూ పప్పుల దగ్గరే ఆగిపోయాయి. మళ్ళీ ఎర్రనీరు రాగానే సత్యవేణి నన్ను నావలో వేసుకుని ఒంటరిగా వెళ్ళింది. రేవులో ఎవరూ నవ్వలేదు. నాలుగో నాడు తాడు వణికింది. వెండిలా మెరిసే పులస, నావలోకి వచ్చేలోపే ప్రాణం విడిచింది.

ఒడ్డున అప్పలస్వామి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చేప వంక చూడలేదు.

"కత్తి నా చేతిలోనే ఉందే సత్తివేణీ. కొయ్యలేకపోయాను."

ఆమె నా మడతలు సర్దసాగింది. "కాలిరుక్కుంది నా ముడుల్లోనయ్యా" అంది. "నువ్వు కోసినా కోయకపోయినా, ఆ ముడి నేనేసిందే."

ఎవరి తప్పు ఎంతో వాళ్ళు తేల్చుకోలేదు. ఇద్దరూ కలిసి నావను ఒడ్డుకు లాగారు.

తర్వాత రెండు వరదలకు నేను పీలికలయ్యాను. ఇప్పుడు వాళ్ళ పెరట్లో కోళ్ళు రాకుండా బీరపాదు చుట్టూ కట్టారు. ఈ పొద్దున ఇద్దరూ కొత్త వల వేసుకుని ఏటికి వెళ్ళారు. మధ్యాహ్నం దాటింది. వాన పట్టుకుంది. రేవువైపు నుంచి తెడ్డు చప్పుడు ఇంకా వినబడలేదు.