మింగుడు మామ్మ

ఆవిరి బుస్సుమంటుంటే ఆమె ఓ చొక్కా కాలరు తిరగేసి, మడత మీద ఇస్త్రీ పెట్టె ఆనించింది. ఎడమచేత్తో బట్ట లాగిపట్టడం, కుడిచేత్తో నొక్కడం. మోచేతి దాకా పాత కాలిన మచ్చలు. లాండ్రీలో అందరూ ఆమెని మింగుడు మామ్మ అంటారు. ఓనరు కసిరాడని కొత్త పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే ఈరోజూ అదే మాట అంది.

"మింగెయ్యవే. గొంతు దాటాక ఏదైనా ఒకటే."

మధ్యాహ్నం డబ్బా తెరిచింది. క్యాబేజీ కూర. చిన్న ముద్ద చేసి, నీళ్ళతో మాత్ర వేసుకున్నట్టు గుటుక్కుమనిపించింది.

"కూరేనా మామ్మా, మందా?" కొత్త పిల్ల కిసుక్కున నవ్వింది.

మామ్మ ఇంకో ముద్ద చేసి మింగింది. కాపురానికొచ్చిన కొత్తలో ఈ కూరకే మొహం చిట్లిస్తే, "మా ఇంట్లో వంకలు చెల్లవు, మింగు" అంది అత్తగారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఈ కూరకి 'తిను' అన్న మాటే లేదు. అత్తగారు పోయింది గానీ ఆ మాట పోలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మనవరాలు బుగ్గలో ముద్ద పెట్టుకుని బిక్కమొహం వేసుకుంది. మామ్మ దాని ముక్కు పట్టుకుంది.

"మింగు."

"చేదు నానమ్మా!"

"క్యాబేజీ చేదేంటే? వంకలు!"

"ముక్కు వదలండి అత్తయ్యా."

గుమ్మంలో కోడలు, ఒక చెయ్యి అయిదో నెల కడుపు మీద. ఎన్నడూ గొంతెత్తని పిల్ల.

"నాకు కాఫీ వాసన పడకపోతే వేషాలన్నారు, ఊరుకున్నా. కడుపుతో ఉంటే హార్మోన్లు నోటి రుచే మార్చేస్తాయని డాక్టరమ్మ చెప్పింది. దీని సంగతీ అడిగా. కొందరి నాలుకకి ఈ కూర నిజంగానే చేదట. కళ్ళూ ముక్కూ వచ్చినట్టే అదీ పెద్దవాళ్ళ నుంచి వస్తుందట."

"అయితే మీవాళ్ళ నాలుకే అయ్యుంటుంది."

"మా అమ్మా నేనూ పచ్చిదే నమిలేస్తాం. మరి ఎవరిదో మీరే చెప్పండి."

మామ్మ వేళ్ళు వదులయ్యాయి. మనవరాలు ముద్ద ఉమ్మేసి, ఇంకా చేదుగానే ఉందని బుల్లి నాలుక బయటపెట్టి చూపించింది. మామ్మ ఆ నాలుక వంక చాలాసేపు చూసింది.

"నాదే," అంది. "మొదటిరోజు నుంచీ చేదే."

"మరి ఇన్నేళ్ళూ ఎలా తిన్నారు?"

"తిన్నదెవరే? మింగాను."

భోజనాల దగ్గర కోడలు కూర గిన్నె పక్కన పెట్టబోతే, "ఊఁ, వడ్డించు" అంది మామ్మ. వడ్డించాక ఒక్కొక్క తునకా వేలితో కంచం అంచుకి నెట్టింది.

"నేను తినను," అంది గట్టిగా, ఎదురుగా అత్తగారు కూర్చున్నట్టు. మనవరాలు చప్పట్లు కొట్టింది. ఉత్త అన్నంలో ఉప్పు కలుపుకుని, తొందర లేకుండా నమిలి నమిలి తింది మామ్మ. "ఆ కంచం కడక్కు. పొద్దున్నే ఇంకోసారి చూసుకుంటా."

పొద్దున్న కోడలు లేపితే లేవలేదు. నిద్రలోనే పోయింది.

వచ్చినవాళ్ళలో ఎవరో కంచం తీయబోతే కోడలు చెయ్యి అడ్డం పెట్టింది. కంచం అంచున క్యాబేజీ వాడి, రంగు మారి, వేలితో నెట్టింది నెట్టినట్టే ఉంది.