ఎర్రగీత కింద మేమిద్దరం

"ఊరందరి కంచాలూ తూకమేసేదానివి, మన కొళంబులో ఉప్పు తూకం తెలీదా నీకు?" పులుసు కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే అన్నాడు మా ఆయన దేవేంద్రన్. నేను ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టాను. అక్కణ్ణించి పొయ్యి దగ్గరికి, పొయ్యి దగ్గర్నించి మా అమ్మాయి భరణి జడ దగ్గరికి, జడ సగంలో ఉండగా పాలు పొంగితే మళ్ళీ పొయ్యి దగ్గరికి. ఆ తర్వాత వేలూరు బస్సుకు పరుగు. మా గుడియాత్తం బస్టాండులో బస్సు కదిలాక గుర్తొచ్చింది, నేనేమీ తినలేదని. అదేమీ కొత్త కాదు గనక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

వేలూరులో ఒక పరిశోధన సంస్థలో పని నాకు. మనిషికి రోజుకు ఎంత ఇనుము, ఎంత మాంసకృత్తులు కావాలో పెద్దవాళ్ళు లెక్కగట్టి పట్టిక వేసి ఉన్నారు. అందులో ఆడవాళ్ళకు నిజంగా ఎంత అందుతోందో ఇంటింటికీ పోయి తూచడం మా పని. పొద్దున్నే త్రాసు తీసుకుని పోతాం. వండకముందు బియ్యం, పప్పు తూస్తాం. వడ్డించాక ఒక్కొక్కరి కంచం తూస్తాం, వదిలేసింది తూస్తాం. ఫారంలో పని అని ఒక గడి ఉంటుంది. తేలిక పని, మధ్యరకం, బరువు పని. ఇంట్లో ఉండే ఆడదైతే తేలిక పని అని టిక్కు పెట్టమని శిక్షణలో చెప్పారు. మా అత్త పుష్పవతి పొద్దున్నించీ చీకటి పడేదాకా మగ్గానికి కండెలు చుడుతుంది, నీళ్ళు మోస్తుంది. ఆమెలాంటి ఆడవాళ్ళకు ఎన్ని టిక్కులు పెట్టానో. పెట్టిన ప్రతిసారీ చేతివేళ్ళల్లో ఏదో దురదగా ఉండేది.

ఆ నెల ఏ ఇళ్ళు తూచాలో తేల్చడానికి తీసిన చీటీల్లో మా వీధి వచ్చింది, మా ఇల్లూ వచ్చింది. సిబ్బంది ఇల్లయినా వదలకూడదు, కాకపోతే వేరేవాళ్ళు తూచాలి. నాతో పనిచేసే గోమతి వస్తుందని చెప్పగానే మా అత్త కంగారుపడింది.

"ఆయమ్మి ఉన్నంతసేపూ కంచం నిండా పెట్టుకో అమ్మీ. కోడలికి కూడు పెట్టరని రాసుకోని పోతాది."

"గుడ్డు గూడా పెట్టుకో, మన మర్యాద నిలబడతాది" అని నవ్వాడు మా ఆయన.

గోమతి సోమవారం ఆరు గంటలకే వచ్చి వంటింటి గడప పక్కన త్రాసు పెట్టుకుని కూర్చుంది. ముందుగా మా అత్తను అడిగింది, "నిన్న ఏమేమి తిన్యారు అవ్వా?"

"నిన్నా? దేవేంద్రుడు ఆరు ఇడ్లీలు తిన్యాడు. బిడ్డ మూడు. మధ్యాహ్నం వాడికి చేపల కొళంబు..."

"మీరు అవ్వా?"

మా అత్త కండె చుట్టడం ఆపింది. నా వైపు చూసింది, గోడ వైపు చూసింది. "నేనా? ఏదో మిగిలింది తినుంటాను. అదెవురికి గుర్తుంటాది?"

మధ్యాహ్నం ఆయనకు, స్కూలు లేక ఇంట్లోనే ఉన్న భరణికి పెట్టాక, మా అత్త చెప్పిన ప్రకారం నా కంచం నిండా పెట్టుకున్నాను. అన్నం, మునగాకు వేపుడు, గుడ్డు. గోమతి నాదీ, మా అత్తదీ తూచి రాసుకుంది. అంతలో మేము నేసిన లుంగీల బేలు తీసుకుపోయే వ్యాపారి సురేంద్రన్ అన్న వచ్చాడు.

"రా అన్నా, తినిపో. నళినీ, ఆకు వెయ్" అని కేకేశాడు మా ఆయన.

గిన్నెలో అన్నం చాలదని తెలుసు. నా చెయ్యి నన్ను అడగలేదు. కంచంలోది ముప్పాతిక గిన్నెలోకి తోసేసింది, గుడ్డు ఆకులోకి పోయింది. మా అత్త తన చిన్న గిన్నెలోది కూడా సగం తీసి అందులోనే వేసింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. గోమతి మాత్రం నా కంచం, మా అత్త గిన్నె మళ్ళీ త్రాసు మీద పెట్టి, పాత అంకెలు కొట్టేసి కొత్త అంకెలు రాసింది. ఆ పెన్ను చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. పదహారేళ్ళుగా ఈ చెయ్యి ఇదే పని చేస్తోంది. ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి.

పదిరోజుల తర్వాత వేలూరు ఆఫీసులో మా పై అధికారి జానకిరామన్ సార్ కంప్యూటరు ముందు పిలిచాడు. ఆయనది దగ్గర్లోని ఒడుగత్తూరు, మాలాగే ఇంట్లో తెలుగే. తెరమీద పేర్లుండవు, నంబర్లే. ఒక ఎర్రగీత కింద ఇరవైమూడు నంబర్లు ఉన్నాయి, అన్నీ ఆడవాళ్ళవే.

"ఇవి తీసెయ్యాలమ్మా. ఇంత తక్కువ తిని మనిషి నిలబడలేరు. నమ్మదగనివని పక్కన పెట్టేదే పద్ధతి."

"నోటితో చెప్పినవి కాదు సార్, త్రాసులో తూచినవి."

"ఆ పొద్దు వేరేవాళ్ళు ఉండారని సిగ్గుపడి తక్కువ తినుంటారు. కావాలంటే ఇంకోసారి తూయించు. లేదంటే తీసేద్దాం."

తీసేస్తే సగటు పైకి లేస్తుంది. గుడియాత్తం ఆడవాళ్ళకు ఫరవాలేదని రిపోర్టు వస్తుంది. గీత కింది నంబర్లలో రెండు మా ఇంటివి, మా ఫారాల నంబర్లు నాకు గుర్తే. ఇంటికొచ్చే బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఇంకోసారి తూయిస్తే, కడుపునిండా తింటే మొదటిది అబద్ధమవుతుంది. నిజం నిలబడాలంటే మేము ఇంకో పూట ఆకలితో ఉండాలి. నా ఆకలికి నేనే సాక్ష్యం తేవాలి, అదీ రెండుసార్లు. నిలబడ్డచోట నిలవలేక తలుపు దాకా పోయాను, వెనక్కొచ్చాను. కండక్టరు "ఏమ్మా, దిగేదుందా?" అని అడిగాడు.

ఇంట్లో చెప్పాను. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "ఈసారన్నా సరిగ్గా తిని చూపించు. నువ్వు తినకపోతే అది నా తప్పా? వద్దన్నానా ఎప్పుడన్నా?"

వద్దనలేదు, నిజమే. తిన్నావా అని కూడా అనలేదు.

మా అత్త కండె వైపే చూస్తూ అడిగింది, "మళ్ళీ ఎందుకమ్మీ? పోయినసారి త్రాసు చెడిపోయిండెనా?"

"లేదత్తా."

"మరింకేమి?"

ఆ రెండు మాటలు పట్టుకుని మర్నాడు సార్ ముందుకు పోయాను. "సార్, మళ్ళీ తూయించను. తీసేయనివ్వను గూడా. ఆ గీత కింద రెండు నంబర్లు మా ఇంటివి. ఒకటి మా అత్త. ఒకటి నేను."

ఆయన కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిలబడలేరు అన్నారు గదా సార్. నిలబడే ఉండాము."

"కూర్చోమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు. ఇరవైమూడు ఫారాలూ తీసుకుని, ప్రతిదాని అడుగున 'తూకం సరైనదే' అని గోమతి రాసింది, నేను రాశాను, సంతకాలు పెట్టాము. సార్ వాటిని తీసేయలేదు. రిపోర్టులో విడిగా ఒక పట్టికగా పెట్టాడు, చిన్న అక్షరాల్లో. అదొక గెలుపని చెప్పలేను.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో తూచేవాళ్ళెవరూ లేరు. నేను నాలుగు కంచాలు పక్కపక్కనే వేసి, నాలుగింటిలోనూ ఒకేసారి అన్నం పెట్టాను, కూర పెట్టాను, తలా ఒక గుడ్డు పెట్టాను. గిన్నెలు మధ్యలోకి జరిపి, మా అత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టి నేనూ కూర్చున్నాను. భరణి అప్పటికే తినడం మొదలుపెట్టింది. మా అత్త ముద్ద కలిపి, కొడుకు వైపు చూసి ఆగిపోయింది.

మా ఆయన కంచం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "నువ్వూ కూర్చుంటే నాకు రెండోసారి ఎవురు వడ్డిస్తారు?"

నోట్లో ముద్ద ఉంది. నమిలి మింగాకే చెప్పాను.

"గిన్నె ఆడనే ఉండాది. చెయ్యి అందుతాది."