కిందికి రాని రాయి

పాఠంలో ఎక్కడో ఒకచోట కావాలనే తప్పు రాస్తాను. అది నా అలవాటు. మొదటి ఏడాది ఫిజిక్స్‌లో పైకి విసిరిన రాయి లెక్క వచ్చినప్పుడు, మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేసి, చాక్‌పీసు పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడతాను. ఆ లెక్క ప్రకారం రాయి ఇక కిందికి రాదు. కాసేపటికి వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేస్తుంది. అప్పుడు గానీ నాకు పాఠం చెప్పినట్టుండదు.

ఈ ఏడు మా పాఠాలన్నీ ఆన్‌లైన్‌కి ఎక్కించారు. ఖాళీ గదిలో, కెమెరా ముందు కూడా ఎప్పటిలాగే తప్పు రాసి, ఆగి, "ఎక్కడ తప్పిందో చూశారా?" అని అడిగి, దిద్దాను. వీడియోని పొట్టి చేసిన మహానుభావులు నేను ఆగిన చోటునీ, దిద్దిన చోటునీ శుభ్రంగా కత్తిరించేశారు. నాకు ఒక్కసారి చూపించిన పాపాన పోలేదు. పైగా పరీక్షకి సరైన జవాబులు కూడా ఆ వీడియోలోంచే తీశారు. క్లాసు క్లాసంతా ప్లస్ పెట్టి పాసైంది. మైనస్ పెట్టింది ఒకే ఒక్క పిల్ల. ఆ ఒక్క ప్రశ్నతో పరీక్ష తప్పింది. ఇప్పుడు తనని రెండో ఏడాదిలోకి రానివ్వరట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లని వెంటబెట్టుకుని ఆన్‌లైన్ విభాగం చూసే పెద్దాయన గదికి వెళ్లాను. ఆయనా ఒకప్పుడు మాలాగే పాఠాలు చెప్పినవాడే.

అంతా విని, "రిజల్ట్స్ లాక్ అయిపోయాయి మేడమ్," అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. "అయినా మీ వీడియోకి ఎంత మంచి రేటింగ్ వచ్చిందో తెలుసా? అంతమంది చూశారు కదా, తప్పని ఒక్కరైనా చెప్పారా?"

"నేను చెయ్యెత్తాను సార్," అంది తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల. "వీడియో ఆపి మరీ ఎత్తాను."

ఆయన కిసుక్కున నవ్వాడు. "కంప్యూటర్ ముందా? ఎవరు చూస్తారనమ్మా?"

ఎవరు చూస్తారట! ఆ చెయ్యి లేవడం కోసమే కదా నేను ఇన్నేళ్లూ గొంతు చించుకున్నది. ఇంత చదువుకున్న మనిషికి అది నవ్వులాటైపోయింది.

"మళ్లీ ఎత్తమ్మా," అన్నాను.

ఆ పిల్ల భయపడుతూనే చెయ్యెత్తింది. ఆయన చూపు ఫోన్ మీదే ఉంది. నేను ఆ ఫోన్ లాక్కుని బల్ల మీద బోర్లించాను.

"చూడండి సార్, చెయ్యెత్తింది. ఆ మార్కు పడేదాకా తను దించదు, నేనూ ఇక్కణ్ణుంచి కదలను."